పాడైపోయిన హీటర్‌కి అంత వేడి ఎక్కడిది?

ప్రశ్న: మాది 1,200 లీటర్ల హాట్ టబ్, 3 కిలోవాట్ల హీటర్. రెండు వారాల కిందట పాత నీళ్లు తీసేసి, కడిగి, కొత్త నీళ్లు నింపాం. ఆ రోజే ప్యానెల్ మీద 'హెచ్ఎఫ్ఎల్' అని వచ్చింది. మా బాబాయి బ్రేకర్ ఆపి మళ్లీ వేస్తే పోయింది. రాత్రికి 'ఓహెచ్‌హెచ్' వచ్చింది. మళ్లీ బ్రేకర్ ఆపడం, వేయడం. ఇప్పుడు వీటికి తోడు 'ఎస్ఎన్ఎస్' అని ఇంకోటి, ఉష్ణోగ్రత అంకె ఒకసారి, ఇది ఒకసారి మార్చి మార్చి చూపిస్తోంది. నీళ్లు 31 డిగ్రీలు దాటడం లేదు. ఫోన్‌లో చెబితే టెక్నీషియన్ "హీటర్ పోయింది, బోర్డు కూడా మార్చాల్సి రావచ్చు" అన్నాడు. ఫిల్టర్ చూశాం, శుభ్రంగానే ఉంది. హీటర్ మార్చేయమంటారా? ఆ ప్యానెల్ వైపు చూడాలంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇప్పుడే మార్చకండి. మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది.

మీరు రాసిన 'ఓహెచ్‌హెచ్' చూడండి. హీటర్ గొట్టంలో ఉన్న సెన్సర్లలో ఏదో ఒకటి దాదాపు 48 డిగ్రీల సెల్సియస్ వేడిని చూసిందని దాని అర్థం. ఫారన్‌హీట్‌లో అయితే 118. టబ్‌లో నీళ్లేమో 31 దగ్గరే ఆగిపోయాయి. మరి గొట్టంలో 48 ఎలా వచ్చింది? హీటర్ పనిచేస్తోంది కాబట్టే వచ్చింది. పాడైపోయిన హీటర్‌కి అంత వేడి పుట్టించే శక్తి ఎక్కడిది? వేడి పుడుతోంది, కానీ పుట్టిన చోటే ఉండిపోతోంది. దాన్ని టబ్‌లోకి మోసుకెళ్లాల్సిన నీళ్లు కదలడం లేదు. మీ ఇబ్బంది అక్కడుంది.

ఈ కోడ్‌ల గురించి చాలామందికి ఒక అపోహ. ఏ భాగం పాడైందో ప్యానెల్ చెబుతుందనుకుంటారు. దానికంత తెలివి లేదు. సెన్సర్‌కు ఏం కనిపించిందో అంతవరకే చెబుతుంది. ఎందుకు అలా కనిపించిందో వెతుక్కోవాల్సింది మనమే. ఒంట్లో 102 జ్వరం ఉందని థర్మామీటర్ చెప్పగలదు గానీ అది మలేరియానో టైఫాయిడ్‌నో చెప్పలేదు కదా, ఇదీ అంతే. ఫోన్‌లో కోడ్ వినగానే భాగం పేరు చెప్పేసే టెక్నీషియన్లంటే నాకు కొంచెం భయం.

లోపల జరిగేది ఇది. హీటర్ అంటే ఒక స్టీలు గొట్టం, దాని మధ్యలో వేడెక్కే ఎలిమెంటు. పంపు తోసిన నీళ్లు ఆ గొట్టంలోంచి పరుగెత్తి, కాస్త వేడెక్కి, టబ్‌లోకి పోతాయి. మీ ప్యానెల్ చూపిస్తున్న కోడ్‌లను బట్టి మీది బాల్బోవా అనే కంపెనీ రకం కంట్రోల్ బోర్డు అనుకుంటున్నాను. ఆ రకంలో హీటర్ గొట్టానికి రెండు సెన్సర్లుంటాయి. నీళ్లు జోరుగా పారుతున్నంత సేపూ రెండూ దాదాపు ఒకే అంకె చెబుతాయి. ప్రవాహం మందగిస్తే ఒకదానికీ ఇంకోదానికీ తేడా పెరుగుతుంది. ఆ తేడా చూసి బోర్డు 'హెచ్ఎఫ్ఎల్' అంటుంది, అంటే నీళ్లు సరిగా పారడం లేదేమోనన్న అనుమానం. 24 గంటల్లో అదే ఐదోసారి వస్తే 'ఎల్ఎఫ్' అని చూపించి హీటర్‌ను పూర్తిగా ఆపేస్తుంది. పాత టబ్‌లలో ఈ పని సెన్సర్లు కాకుండా ప్రెషర్ స్విచ్ చేస్తుంది. వాటిలో 'ఎఫ్ఎల్ఓ' లాంటి కోడ్‌లు వస్తాయి. ఏ రకమైనా బోర్డు పట్టించుకునేది ప్రవాహాన్నే.

ఇప్పుడు మీ మూడు కోడ్‌లను వరసగా పెట్టి చదవండి. ముందు నీళ్లు మందగించాయి. తర్వాత గొట్టంలో ఆగిన నీళ్లు బాగా కాగాయి. ఆపైన రెండు సెన్సర్ల లెక్క కుదరక 'ఎస్ఎన్ఎస్' అంది. చూడ్డానికి మూడు జబ్బులు, మూలం ఒకటే అయ్యే అవకాశం చాలా ఎక్కువ. పైగా ఇదంతా నీళ్లు మార్చిన రోజే మొదలైంది. అప్పటిదాకా బాగున్న హీటర్ సరిగ్గా ఆ రోజే చెడిపోవడం కంటే, నీళ్లు మార్చడంలో ఏదో పొరపాటు జరిగి ఉండడమే నమ్మదగ్గ మాట.

అందుకని గొట్టాలతో మొదలుపెట్టండి. ముందు నీటి మట్టం. నీళ్లు లోపలికి వెళ్లే ఫిల్టర్ మూతి పూర్తిగా మునిగి ఉండాలి. సగమే మునిగితే పంపు నీళ్లతో పాటు గాలినీ లాగుతుంది. జెట్‌లలోంచి నీళ్లు బుడగలు బుడగలుగా, తెరలు తెరలుగా వస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

తర్వాత ఫిల్టర్. "శుభ్రంగానే ఉంది" అని రాశారు. నమ్మను, ఏమీ అనుకోకండి. కంటికి తెల్లగా కనిపించే ఫిల్టరే ఎక్కువగా మోసం చేస్తుంది. ఒంటి జిడ్డు, క్రీములు, సబ్బు అవశేషాలు ఆ మడతల గుడ్డలోకి ఇంకిపోతాయి. గొట్టం పెట్టి కడిగితే పైన మురికి పోతుంది గానీ లోపలి జిడ్డు పోదు. దానికి ఫిల్టర్ క్లీనర్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మంచినీళ్లతో బాగా జాడించాలి. ఇంతకన్నా సులువైన పరీక్ష ఒకటుంది. బ్రేకర్ ఆపి ఫిల్టర్ బయటికి తీయండి. మళ్లీ వేసి, ఫిల్టర్ లేకుండా పది పదిహేను నిమిషాలు నడపండి. ఆ సేపు టబ్‌లో ఎవరూ దిగకూడదు. ఫిల్టర్ ఉన్న గుంటలోకి ఆకులు, దారాలు పోకుండా ఒక మనిషి కాపలా ఉండాలి, అందులో చెయ్యి పెట్టకూడదు. జెట్‌ల జోరు పెరిగి, కోడ్ రాకుండా ఉంటే దోషం ఫిల్టర్‌దే. కొత్తది కొనుక్కోండి, హీటర్ జోలికి పోకండి. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

ఫిల్టర్ తీసినా మార్పు లేకపోతే వాల్వ్‌లు చూడాలి. నీళ్లు తీసేసేటప్పుడు పంపుకీ హీటర్‌కీ అటూ ఇటూ ఉండే పలక వాల్వ్‌లను కిందికి నొక్కి మూసేస్తాం. నింపాక తెరవడం మర్చిపోతాం. నా అనుభవమే చెబుతాను. ఒకసారి సగం రోజు కూర్చుని పంపు విప్పి, తడిమి, మళ్లీ బిగించి, చెమటలు కక్కాక చూస్తే నా మోకాలి పక్కనే ఉన్న వాల్వ్ సగం మూసి ఉంది. మూసింది నేనే! అప్పటినుంచి ఏది పాడైనా ముందు నేనేం ముట్టుకున్నానో గుర్తు చేసుకుంటాను. వాల్వ్ పిడి పూర్తిగా పైకి లేచి ఉందో లేదో చేత్తో లాగి చూడండి. చూపును నమ్మితే లాభం లేదు.

ఇవేవీ కాకపోతే మిగిలేది గాలి. మీ విషయంలో నాకు ఎక్కువ అనుమానం దీనిమీదే. ఖాళీ టబ్‌ను నింపేటప్పుడు గొట్టాల్లో ఉన్న గాలికి బయటికి పోయే దారి దొరకదు. అది పంపులోనో హీటర్ దగ్గరో ఇరుక్కుంటుంది. పంపు తిరుగుతున్న చప్పుడు వస్తుంది, నీళ్లు మాత్రం కదలవు. లేదా కాసేపు పారి, కాసేపు ఆగుతాయి. బ్రేకర్ ఆపి వేసిన ప్రతిసారీ కోడ్ పోయి మళ్లీ రావడానికి కారణం ఇదే కావచ్చు. గాలి తీయాలంటే ముందు జెట్‌లన్నీ తెరవండి, జెట్‌లలోకి గాలి వదిలే పై నాబ్‌లు మూసేయండి. పంపును కొన్ని క్షణాలు వేసి ఆపండి, మళ్లీ వేసి ఆపండి, నాలుగైదు సార్లు. దానికి లొంగకపోతే బ్రేకర్ ఆపి, పంపు పైభాగాన గొట్టం కలిసే చోట ఉండే పెద్ద ప్లాస్టిక్ నట్టును చేత్తో కాస్త వదులు చేయండి. పూర్తిగా విప్పొద్దు. 'స్‌స్' మని గాలి పోయి, వెనకే నీళ్లు చిమ్ముతాయి. నీళ్లు రాగానే బిగించేయండి. కింద ఏవైనా వైర్లు తడిస్తే తుడిచి, బాగా ఆరాకే బ్రేకర్ వేయండి. వచ్చేసారి నింపేటప్పుడు నీళ్ల గొట్టాన్ని టబ్‌లోకి వదలకుండా ఫిల్టర్ తీసేసిన గుంటలో పెట్టండి. నీళ్లు కింది గొట్టాల్లోంచి పైకి లేస్తూ గాలిని ముందుకు తోసుకుంటూ వస్తాయి.

ఇక 'ఎస్ఎన్ఎస్'. రెండు సెన్సర్లూ ఒకదానితో ఒకటి పొంతన లేని అంకెలు చెబుతున్నాయని దీని అర్థం. ఉష్ణోగ్రతతో మారి మారి కనిపిస్తే అది తాత్కాలికం కావచ్చు. ఇదొక్కటే వెలిగి ఆరుతుంటే మాత్రం బోర్డు పని ఆపేసిందని. మీది మొదటి రకం కాబట్టి ప్రవాహం బాగుపడ్డాక ఒక రోజు చూడండి. దానంతట అదే మాయమైతే సరి. మాయం కాకపోతే సెన్సర్ నిజంగానే చెడి ఉండొచ్చు. అయినా అదేం పెద్ద ఖర్చు కాదు. హాట్ టబ్‌లో మార్చుకోవాల్సిన వాటిలో తేలికైన వాటిలో సెన్సర్ ఒకటి.

సెన్సర్‌ను పరీక్షించడం కష్టం కాదు. ఇది థర్మిస్టర్, వేడి పెరిగే కొద్దీ దీని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలా రకాల్లో 25 డిగ్రీల దగ్గర 10 కిలోఓమ్‌లు ఉంటుంది. అదే 40 డిగ్రీలకు వచ్చేసరికి ఐదు ఆరు మధ్యకు దిగుతుంది. మీ మోడల్‌కు వేరే అంకె ఉండొచ్చు కాబట్టి ఈ అంకెను పట్టుకుని వేలాడకండి. రెండు సెన్సర్లనూ ఒకదానితో ఒకటి పోల్చండి. బ్రేకర్ ఆపి, గొట్టం చల్లారి లోపలి నీళ్లన్నీ ఒకే వేడికి వచ్చేదాకా ఆగి, బోర్డు దగ్గర వాటి ప్లగ్‌లు పీకి మల్టీమీటర్ పెడితే రెండూ దాదాపు సమానంగా చూపించాలి. ఒకటి 8 చూపించి ఇంకోటి 12 చూపిస్తే దొంగ దొరికినట్టే. ప్లగ్ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంటే అది కూడా తప్పుడు అంకెలే చెప్పిస్తుంది. తుడిచి మళ్లీ పెట్టడంతో పోయిన కోడ్‌లు ఎన్నో.

ఎప్పుడైనా 'ఎస్ఎన్ఏ' అనో 'ఎస్ఎన్‌బీ' అనో వస్తే, అంటే ఏ, బీ సెన్సర్లలో ఒకటి పనిచేయడం లేదని బోర్డు అంటే, ఇంకో చక్కటి ఉపాయం ఉంది. బ్రేకర్ ఆపి రెండు సెన్సర్ల ప్లగ్‌లనూ అటుది ఇటు, ఇటుది అటు పెట్టండి. 'ఏ' అన్నది ఇప్పుడు 'బీ' అంటే చెడింది సెన్సర్. ప్లగ్‌లు మార్చినా 'ఏ' అనే అంటుంటే చెడింది బోర్డు. మీ టెక్నీషియన్ బోర్డు మార్చాలన్నప్పుడు ఈ పరీక్ష చేశాడా అని అడగండి. ఫోన్‌లో ఎలా చేస్తాడు లెండి.

హీటర్ నిజంగా పోతే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. ఎలిమెంటు తెగిపోతే చాలా టబ్‌లలో ఏ కోడూ రాదు. ప్యానెల్ మీద హీటర్ గుర్తు హాయిగా వెలుగుతుంటుంది, పంపు తిరుగుతుంటుంది, నీళ్లు మాత్రం రోజురోజుకీ చల్లారిపోతుంటాయి. ఎలిమెంటు పైతొడుగు చిట్లి లోపలికి నీళ్లు దిగితే లీకేజీ బ్రేకర్ టప్పున పడిపోతుంది, ఎన్నిసార్లు వేసినా నిలవదు. ఈ రెండింటిలో ఏదీ మీ ఇంట్లో జరగలేదు. ఒకసారి బ్రేకర్ పడినట్టు కూడా మీరు రాయలేదు. ఇంకా అనుమానం ఉంటే కరెంటు పూర్తిగా తీసేశాక ఎలక్ట్రీషియన్ చేత హీటర్ వైర్లు విడదీయించి కొలిపించండి. 230 వోల్టుల మీద నడిచే 3 కిలోవాట్ల ఎలిమెంటు 17, 18 ఓమ్‌లు చూపించాలి. మీటర్ అసలు కదలకపోతే తెగినట్టు. ఎలిమెంటుకీ బయటి గొట్టానికీ మధ్య ఏ కొంచెం కరెంటు దారి కనిపించినా అది మార్చాల్సిందే.

టెక్నీషియన్ మాటల్లో ఒకటి మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. బోర్డు మీద హీటర్‌కు కరెంటు ఇచ్చే, ఆపే రిలే అనే స్విచ్ ఉంటుంది. దాని కొనలు కాలి అతుక్కుపోతే బోర్డు ఆపమన్నా హీటర్ ఆగదు. అప్పుడు కూడా 'ఓహెచ్‌హెచ్' వస్తుంది. దీన్ని తేల్చుకోవాలంటే సెట్టింగ్‌ను నీళ్ల వేడి కన్నా బాగా తగ్గించండి. హీటర్ గుర్తు ఆరిపోయాక కూడా టబ్ వేడెక్కుతూనే ఉంటే వెంటనే బ్రేకర్ ఆపేసి మనిషిని పిలవండి, ఇక ఏ ప్రయోగాలూ వద్దు. కానీ అలా అతుక్కుపోయి, ప్రవాహం కూడా బాగుంటే మీ నీళ్లు ఎప్పుడో 40 దాటేవి. 31 దగ్గర ఆగేవి కావు.

బాబాయిగారి వైద్యం గురించి. వారిని ఏమీ అనడం లేదు, అందరం చేసేదే అది. కానీ 'ఓహెచ్‌హెచ్' వచ్చిన ప్రతిసారీ బ్రేకర్ ఆపి వేయడమంటే, కదలని నీళ్లలో హీటర్‌ను మళ్లీ మళ్లీ వెలిగించడమే. అలా కొన్నాళ్లు చేస్తే ఎలిమెంటో, దాన్ని అంటిపెట్టుకున్న సెన్సరో నిజంగానే కాలిపోతుంది. అప్పుడు టెక్నీషియన్ జోస్యం నిజమై కూర్చుంటుంది. ఆ కోడ్ వస్తే నీళ్లలో దిగకుండా, మూత తీసి, చల్లారనిచ్చి, ప్రవాహం ఎందుకు ఆగిందో చూశాకే మళ్లీ వేయండి. 'డీఆర్' లేదా 'డీఆర్‌వై' అని వస్తే మరీ జాగ్రత్త, గొట్టంలో నీళ్లే సరిగా లేవేమోనని బోర్డు అనుమానం. సెన్సర్ వైర్లు కలిపేసి బోర్డును నమ్మించే 'చిట్కా' ఎవరైనా చెబితే వాళ్లను దూరం పెట్టండి. నీళ్లు 40 డిగ్రీలు దాటకుండా మనుషుల్ని కాపాడుతున్నవి ఆ రెండు సెన్సర్లే. మీ దగ్గర విడిగా ఒక తేలే థర్మామీటర్ ఉంచుకుని, దిగే ముందు ప్యానెల్ అంకెతో పోల్చి చూసే అలవాటు చేసుకోండి.

ఇంకో మాట, ఇవే అక్షరాలు వేరే వాళ్ల టబ్ మీద వేరే అర్థం ఇస్తాయి. మీ దాంట్లో 'ఓహెచ్‌హెచ్' హీటర్ గొట్టం గురించి, 'ఓహెచ్ఎస్' అయితే సెన్సర్ దాదాపు 43 డిగ్రీలు చూసిందని. గెక్కో అనే ఇంకో కంపెనీ బోర్డుల్లో 'ఓహెచ్' అంటే టబ్ నీళ్లే 42 దాటాయని, హీటర్ దగ్గర వేడి మితిమీరితే 'హెచ్ఎల్' అంటుంది, సెన్సర్ చెడితే 'పీఆర్ఆర్' అంటుంది. చాలామంది టబ్ తయారీదారులు బోర్డులు బయటి కంపెనీల నుంచి కొంటారు. అందుకే కోడ్ అర్థం వెతికేటప్పుడు టబ్ మీదున్న పేరుతో కాకుండా, లోపలి కంట్రోల్ పెట్టె మీదున్న పేరు, మోడల్ నంబరుతో వెతకండి. ఎండాకాలంలో 'ఓహెచ్ఎస్' లాంటిది వస్తే ఏదీ పాడై ఉండకపోవచ్చు కూడా. ఫిల్టర్ నడిచే గంటలు ఎక్కువ పెట్టుకుంటే పంపు రాపిడి వేడి, పైన బిగించిన మూత కలిసి హీటర్ లేకుండానే నీళ్లను కాచేస్తాయి. గంటలు తగ్గించి, మూత తీసిపెడితే సరిపోతుంది. చలికాలంలో మాత్రం దీనికి తలకిందులు. గడ్డకట్టే చలిలో కోడ్ వచ్చిందని విసుగొచ్చి టబ్‌ను ఆపేసి వదిలేస్తే గొట్టాలు పగులుతాయి. ఆపక తప్పకపోతే నీళ్లు తీసేయండి.

అన్నీ సరిచేశాక ఫలితం ఎలా తెలుస్తుందంటే, వెయ్యి లీటర్ల నీళ్లు ఒక్క డిగ్రీ పెరగడానికి 1.16 యూనిట్ల కరెంటు కావాలి. ఆ లెక్కన మీ 3 కిలోవాట్ల హీటర్ మీ 1,200 లీటర్లను మూత పెట్టి ఉంచితే గంటకు దాదాపు రెండు డిగ్రీలు పెంచాలి. 31 నుంచి 38కి రావడానికి మూడున్నర, నాలుగు గంటలు. ఉదయం గాలి తీసి, ఫిల్టర్ పని చూసుకుని, మధ్యాహ్నానికల్లా మూత వేసేయండి. గంటకోసారి అంకె రాసుకోండి. కోడ్ ఏదైనా వస్తే బ్రేకర్ ముట్టుకునే ముందు ప్యానెల్‌ను ఫోన్‌లో ఫొటో తీయండి, ఏ టైమ్‌కి, నీళ్లు ఎంత వేడి మీద ఉండగా వచ్చిందో పక్కన రాసిపెట్టండి. సాయంత్రానికి 38 చూపిస్తే టెక్నీషియన్‌కి ఫోన్ చేయాల్సిన పనే ఉండదు. చూపించకపోతే ఆ కాగితం, రెండు సెన్సర్ల రీడింగ్‌లు ఆయన చేతిలో పెట్టి, వచ్చి స్వయంగా చూసి చెప్పమనండి.